శాంపిలు

గుణుపూర్‌లో తెల్లారగట్ల బండి.
ఒళ్లో కూర్మమ్మ చేపల థర్మోకోల్ పెట్టె,
ఐసు మధ్య నీలిమూత డబ్బీ.
దాని మీద ఒడియాలో నా పేరు, దాలినా
'యుడు'కి చోటు చాల్లేదు.

ఎదురు సీటు ముసలాయన వాసన పట్టాడు.
"ఏటి బాబూ, వంశధార చేపేనా?"
ఔనన్నాను.

పోయినేడు గొట్టం వేశారు.
రాత్రంతా ఉప్పునీళ్లు తాగి
గోడ పట్టుకుని తెల్లారబెట్టాను.
ఇప్పుడు పాఢి మేడమ్ బఠాణీ గింజంత చాలంది.
పేగులో తెల్లకణాలు కొట్లాడితే
ఆ ఆనవాలు ఇందులోకి దిగుతుందట.
వెనక్కి చూడకుండా నీళ్లు కొట్టేసేదానికి
ఇంత జ్ఞాపకమా!

మార్చిలో ఆరొందల పన్నెండు.
నెత్తురు కనబడేది, నమ్మాను.
జూన్‌లో కడుపు హాయి, పనసకూర కూడా తిన్నాను.
అంకె మూడొందల నలభై.
పదో రోజుకి మళ్లీ నెత్తురు.

పర్లాకిమిడి దాటాక ఐసు కరిగి
మోకాలి మీద ఒక చుక్క.
బరంపురం ఇంకా ఎంతో దూరం.

పెట్టె తిరిగిచ్చిన రోజు
"ఎంతొచ్చింది?" అంది కూర్మమ్మ.
"డెబ్బై నాలుగు."
"అంతేనా? మా మనవడికి ఎనభై ఒకటి."
తక్కువే మంచిదని చెప్పేలోగా
జాలిపడి
తక్కెట్లో ఇంకో చేప వేసింది.