మూల ట్రే

స్పాల్డింగ్‌లో ఫిబ్రవరి. అద్దాల షెడ్డులో
గాలి ఊసే లేదు.
పొద్దున ఇరవైసార్లు, మాపటికి ఇరవైసార్లు
టమాటా నారు తలల మీదుగా
చీపురుకర్ర పోనిస్తుంది డోరీన్,
నిద్రపోయే పిల్లలకి దుప్పటి సర్దినట్టు కాదు,
బడి బస్సుకి లేపినట్టు.

నారు వంగుతుంది, లేస్తుంది,
కర్రకి పచ్చివాసన అంటిస్తుంది.
ఎత్తు మాట మరిచి
మొదలు గట్టి చేసుకుంటుంది.

అత్తిపత్తి అయితే వెంటనే ముడుచుకునేది, అన్నాను.
ఇవీ ఉలిక్కిపడతాయి, అంది,
కాకపోతే వారం పడుతుంది.

భుజం ఆపరేషన్ తర్వాత
ఆమె చెయ్యి మూల ట్రేకి అందలేదు.
ఎవరూ ముట్టని ఆ మొక్కలు
జానెడు జానెడు సాగి
ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి.

అమ్మకానికి పనికిరావు.
రెండు నేను తెచ్చుకున్నాను.
రాత్రి కిటికీ కాస్త తెరిచాను.
ముగ్గురం వణికాం.