ఇరవై మూడో నంబరు సీటు

వంటింటి బల్ల మీద స్కై దీవి మ్యాపు పరిచి
నాలుగు మూలలా నాలుగు పప్పు డబ్బాలు పెట్టాను.
కందిపప్పు కింద ఒక సముద్రం,
మినప్పప్పు కింద ఇంకో సముద్రం.
మూడు వారాలుగా కంచాలు ఒళ్ళో పెట్టుకునే తింటున్నాం.

తాయారు నైట్ డ్యూటీ దిగి వచ్చి
మెరిసే కాగితం ఒకటి సరిగ్గా కొండల మీద పడేసింది.
మూడు రోజులు, రెండు రాత్రులు.
కోచ్ బస్సు, గైడు, పొద్దున టిఫిను, రాత్రి భోజనం.
గ్లాస్గోలో ఎక్కడం, గ్లాస్గోలోనే దిగడం.

"గంగిరెద్దులా వాడు తలూపమన్న చోటల్లా ఊపాలి" అన్నాను.
"జలపాతం దగ్గర ఎనిమిది నిమిషాలట!
మన పెళ్ళిలో గ్రూపు ఫొటోకే అంతకన్నా ఎక్కువసేపు నిలబడ్డాం."

బూటు లేసు విప్పుతూ అంది:
"వార్డులో ఇరవై ఎనిమిది మంచాలు.
ఎవరికి ఏ మందు, ఎవరిని ఏ పక్కకి తిప్పాలి,
ఎవరి కొడుక్కి ఫోను చెయ్యాలి,
ఇప్పుడే చెయ్యాలా, తెల్లారనివ్వాలా,
అన్నీ నేనే చెప్పాలి.
ఇంటికొస్తే కూరేమిటని నువ్వడుగుతావు.
మూడు రోజులు నన్నెవరైనా గంగిరెద్దును చేస్తే
వాళ్ళకి దణ్ణం పెడతాను."

ఇరవై రెండేళ్ళ కాపురంలో మొదటిసారి
ఒకే దీవికి మేం వేరువేరుగా బయల్దేరాం.
ఆమెది ఇరవై మూడో నంబరు సీటు, కిటికీ పక్క.
నాది, దొరికిన చోట.

నా ప్రయాణం గురించి గొప్పగా చెప్పాలనే ఉంది.
రైలు మలైగ్‌లో దింపింది, పడవ అవతలి ఒడ్డున దింపింది.
అక్కడ బస్సు ఉన్నట్టు నా కాగితంలో రాసి ఉంది.
ఆ సంగతి బస్సుకి తెలియదు.
వాన పైనుంచి కాదు, పక్కనుంచి కురిసింది.
గొడుగు దానికది వెల్లకిలా తిరిగి
నీళ్ళు పట్టడం మొదలుపెట్టింది.

చివరికి గొర్రెల డాక్టరమ్మ ఒకావిడ కారాపింది.
ముందు సీటులో కుక్క ఉంది, దాన్ని నా ఒళ్ళో వేసింది.
దారిలో కారు నెమ్మది చేసి
తన మాజీ మొగుడి ఇల్లు చూపించింది.
పెంకులు లేచిపోయాయి చూడు, అంది సంతోషంగా.
ఏ మ్యాపులోనూ లేని దర్శనీయ స్థలం!

స్లిగాచన్ పాత వంతెన దగ్గర దిగి
రాయి మీద కూచుని సాక్సు పిండుకుంటున్నాను.
నీలం రంగు కోచ్ మలుపు తిరిగింది.
మైకు పట్టుకున్న గైడు నా వెనక కొండలకేసి చెయ్యి చాచాడు.
లేచి నిలబడి సాక్సున్న చెయ్యే ఊపాను.
నలభై మంది ముక్కూ మొహం తెలియనివాళ్ళు
తిరిగి చేతులూపారు,
తాయారు తప్ప.

చెంప అద్దానికి ఆనించి
నోరు కాస్త తెరిచి
చంటిపిల్లలా నిద్రపోతోంది.

ఇంట్లో ఆమె నిద్ర ఒక చెవి తెరుచుకునే ఉంటుంది.
ఫోను మోగకముందే లేస్తుంది.
ఇలా పూర్తిగా పోయిన నిద్రని
నేను చూసి ఎన్నాళ్ళయిందో లెక్క తేలలేదు.
బస్సు వెళ్ళిపోయాక కూడా కొండల వైపు తిరగలేదు నేను.
అప్పటికి అవి మబ్బులోకి వెళ్ళిపోయాయి కూడా.

సోమవారం సాయంత్రం.
"జలపాతం బాగుందా?"
"బాగుందట."
"కోట?"
"టాయిలెట్లు శుభ్రంగా ఉన్నాయి. నువ్వేం చూశావు?"
"ఒక కుక్క. ఒక పెంకుల్లేని ఇల్లు. ఒక బస్సు."
బస్సు గురించి అంతకుమించి చెప్పలేదు.
కాలి బొబ్బలు చూపించలేదు.

మినప్పప్పు డబ్బా జరిపి, వేలు పెట్టి,
"ఇక్కడేముంది?" అని అడిగింది.
"నీళ్ళు."
డబ్బా మళ్ళీ అక్కడే పెట్టేసింది.

ఆ రాత్రి కూరేమిటని అడగలేదు.
ఫ్రిజ్ తీసి, ఉన్న రెండు వంకాయలూ
నాకు తోచినట్టు కోశాను.