పాత డెమరేజీ బిల్లులు

పాత పోస్టాఫీసు దిగువన, మూడో అంతస్తులో
పద్నాలుగు కంప్యూటర్లకి నేను కాపలా.
కిటికీ ఎంత బిగించినా
పోర్టు నుంచి ఎర్ర దుమ్ము వచ్చేస్తుంది,
కీబోర్డు సందుల్లోకి, రిజిస్టరు మడతల్లోకి,
తాగి పెట్టిన టీ గ్లాసు అడుక్కి.
ఎవర్నీ అడగదు.
నేనూ అంతే.
అడ్మిన్ అంటే
ఏ తలుపు దగ్గరా ఆగనక్కర్లేని పేరు.

సొసైటీ అప్పుల లెక్క ఎవరు దాచుకున్నారో,
రాజీనామా లేఖని ఆరేళ్ళుగా
ఎవరు దిద్దుకుంటూనే ఉన్నారో
తెలుసు.
నాకు తెలుసని ఎవరికీ తెలీదు.
ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు,
మరి ఆ ఇంటికి కాపలా కూడా వాడే అయితే?

ఒక సాయంత్రం కోరాడ నూకరత్నం గారు,
బిల్లుల సెక్షను, ఇరవై రెండేళ్ళ సర్వీసు,
టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ ఆగి
"బాబూ, నా మిషన్లో ఒక ఫోల్డరుంది.
పాత డెమరేజీ బిల్లులని పేరెట్టాను.
అది నీకు కనిపిస్తాదా?" అన్నారు.

కనిపించదండీ అనొచ్చు.
నాలిక చివరిదాకా వచ్చింది కూడా.
కనిపిస్తుందండీ అన్నాను.
"దాచీసినట్టు టిక్కెట్టాను కదా?"
అది పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమండీ.
"మిషనుకి పాస్‌వర్డు ఉంది కదా?"
అది పక్క సీటు సోంబాబు గారికి. నాకు కాదు.
ఆవిడ మళ్ళీ కుర్చీలో కూర్చుండిపోయారు.
"చదివీసావా?"
లేదండీ.
నిజమే చెప్పాను.
నిజమని చూపించడానికి
నా దగ్గర ఏ కాగితమూ లేదు.

ఆ రాత్రి ఎనిమిదిన్నర దాకా
నన్ను బయట పెట్టి తాళం వెయ్యడం ఎలాగో
ఆవిడకి నేర్పాను.
లోపలి మాటల్ని పిండి పట్టించేస్తుందండీ ఇది,
పిండి మళ్ళీ గింజలవ్వాలంటే
మీ మాట ఒక్కటే దారి.
మనవరాలి పేరొద్దు. పెళ్ళిరోజు అసలొద్దు.
సింహాద్రప్పన్న కూడా వద్దు,
ఈ ఊళ్ళో సగం మంది ఆయన్నే పెట్టుకున్నారు.
ఒకదానికొకటి చుట్టరికం లేని
నాలుగు మాటలు, పొడుగ్గా.
ఎక్కడా రాయకండి. నాకు చెప్పకండి.
మర్చిపోతే నేను కూడా ఏమీ చెయ్యలేను.
"నువ్వు కూడానా?" అని
ఆవిడ మొదటిసారి నవ్వారు.

బస్టాపులో గుర్తొచ్చింది,
రోజూ రాత్రి తీసే నకళ్ళలో
ఆ ఫోల్డరు పాతది, తాళం లేనిది, ఇంకా ఉందని.
తాళం వేసి గొళ్ళెం మరిచినట్టు.
వెనక్కెళ్ళాను.
తెరవకుండా చెరపడానికి ఒక నిమిషం చాలు.
ఆ నిమిషం గురించి ఇంతకంటే చెప్పను.
ఆఖరి బస్సు పోయింది,
జగదాంబ దాకా నడిచాను.

తర్వాత నాకు కనిపించేది
ఒక సైజు, ఒక తేదీ.
మధ్యాహ్నం ఒకటింపావుకి
పచ్చడి వాసన మధ్య కాస్త పెరిగేది.
ఆషాఢంలో ఒక వారం తగ్గింది.
ఏం తీసేశారో.

కేజీహెచ్‌లో ఆపరేషన్, రెండున్నర నెలల సెలవు.
తిరిగొచ్చిన రోజు, పౌడరు కింద ముఖం ఇంకా పాలిపోయి,
"మూడో మాట రావట్లేదు బాబూ" అన్నారు.
పద్నాలుగు మిషన్ల తాళంచెవులున్న చేతులు
ప్యాంటు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను.
"అటు తిరుగు."

తిరిగాను.
యారాడ కొండ మీద దీపం అప్పుడే వెలిగింది.
వెనక మీటల చప్పుడు,
ఆగింది, మళ్ళీ మొదటి నుంచి, మళ్ళీ ఆగింది.
తర్వాత ఒక్కసారి ఎక్కడా ఆగకుండా,
వేళ్ళని వాటి దారిన వదిలేసినట్టు.
ఆపైన చప్పుడు లేదు.
చాలాసేపు లేదు.
ముక్కు ఎగబీల్చినట్టు మాత్రం వినిపించింది.

ఇటు తిరగమని ఆవిడ అనలేదు.
బెర్తు దొరకని ఓడలు
బయట తొమ్మిదున్నాయి.
మళ్ళీ లెక్కపెట్టాను.