లాభం, రెండు, మూడు

మళ్ళీ దిగు.
టీ చల్లారితే చల్లారనీ,
వెనక తలుపు గొలుసు చూసి రా.
ఎడమవైపు మూడో తాడు మీద చెయ్యేసి లాగు,
బిర్రుగా ఉందో లేదో చెప్పు చాలు.

అంబాజీపేటలో కట్టిన ముడి
ముక్కామల వచ్చేసరికి అదే ముడి కాదు.
గతుకు గతుక్కీ కాయ కిందికి సర్దుకుంటుంది,
కాయ సర్దుకున్న మేర తాడు వదులౌతుంది.
లోడు కూడా నిద్రలో ఒత్తిగిలుతుందిరా,
మనం కట్టింది అది మెలకువగా ఉన్నప్పటి కొలతకి.

ఆ రోజు నాకు తెలియక కాదు.
తెలిసే దిగలేదు.
తెల్లారేలోగా రావులపాలెం వంతెన దాటితే
గుమాస్తా ఓ రెండొందలు ఎక్కువిస్తానన్నాడు.
వల చిరిగిన చోట గోనెసంచి కుక్కి
పైన పట్టా లాగేశాను.

కాలవ మలుపులో
నీళ్ళలోకి ఏదో దూకిన చప్పుడు.
ఒకటి.
తరవాత ఇంకోటి.
ఆ తరవాత లెక్కకి అందనన్ని.
అద్దంలో చూస్తే తారు మీద కాయలు
ఆగమన్నట్టు నా వెనకే దొర్లుకొస్తున్నాయి.
వాటి మధ్య ఓ టీవీఎస్ బండి
లైటు ఆకాశం వైపు పెట్టి పడుంది.

గుత్తుల వరహాలు.
దింపు మనిషి.
ఆ లోడులో సగం కాయ ముందురోజు ఆయన దింపిందే.
పక్కన మోకు చుట్ట, నడుముకి కత్తి,
కుడి మడమ తిరగకూడని వైపు తిరిగి.

"ఆయ్, ముప్పై రెండేళ్ళండి.
గాలిలో ఎక్కాను, జొరంతో ఎక్కాను,
చెట్టు నన్ను పడెయ్యలేదు.
నేను దింపిన కాయే పడేసింది"
అన్నాడు, తిట్టకుండా.
తిడితే బావుండేది.

కాయల కోసం సంచులతో జనం వచ్చారు.
మనిషి కోసం ఇద్దరు.
అప్పటి క్లీనరు, నీకంటే చిన్నోడు,
వణుకుతూ కాయలు ఏరుతూ
అలవాటు నోటితో మొదలెట్టాడు:
లాభం, రెండు, మూడు...
నోర్ముయ్యమని అరిచాను.
వాడికేం తెలుసు,
కొట్లో అందరం అలాగే కదా లెక్కెడతాం,
ఒకటి అనం.

పొద్దెక్కేసరికి తప్పు ఎవరి దగ్గరా లేదు.
షావుకారు ఎగుమతి చేసినవాళ్ళన్నాడు.
ఎగుమతి మేస్త్రీ తాడు పాతదన్నాడు.
ఓనరు రోడ్డన్నాడు.
నేను గొయ్యి అన్నాను.
స్టేషన్లో రాసుకున్న కాయితంలో
గొయ్యి లోతూ వెడల్పూ ఉన్నాయి గాని
నా చేతుల ఊసు లేదు.

నెలన్నర తిరిగాను దాంతో.
దానికి పట్టా కప్పడం నాకు రాలేదు.

ఓ రోజు వెళ్ళాను,
ఏం పట్టుకెళ్ళాలో తెలీక అరటిపళ్ళతో.
కట్టు కాలు బల్ల మీద పెట్టుకుని
మోకు పేనుకుంటున్నాడు,
ఇక ఎక్కని మోకు.
"గొయ్యి కాదండి, నేను దిగి చూడలేదు" అన్నాను.
పేనడం ఆపలేదు.
చాలాసేపటికి కొస నా చేతిలో పెట్టి
"కట్టు" అన్నాడు.
కట్టాను. లాగాడు. ఊడింది.
మళ్ళీ కట్టాను. ఊడింది.
నాలుగోది నిలిచింది.

"చెట్టెక్కేవోడి ముడి ఆడి పేణానికే.
నీది, నీ ఎనకాలొచ్చేవోడి పేణానికి.
ఆడెవడో నీకు తెలీదు."

అరటిపళ్ళు తీసుకోలేదు.
డబ్బు లెక్క వదల్లేదు, వదలకూడదు కూడా.
ఇప్పటికీ ఐదో తారీకున పంపుతాను.
దింపుకి ఇప్పుడు వాళ్ళబ్బాయి వెళుతున్నాడట.

అందుకు దిగమన్నాను.
కొత్తపేట ఇంకా లేవలేదు.
ఈపాటికి మన వెనక ఎవడో
లైటు లేని సైకిలుకి పాలక్యాన్లు తగిలించుకుంటూ ఉంటాడు.

ఎలా ఉంది మూడో తాడు?
పర్లేదా?
పర్లేదు అనే మాట తాడు దగ్గర చెల్లదు.
ఇటు తే కొస.
నువ్వు కట్టు, నేను లాగుతా.

లాభం...
ఊడింది చూడు.
కట్టు మళ్ళీ.
రెండు.