నోటితో చెప్పాలి

నాలుగేళ్లు, రాత్రంతా,
ఒకేసారి పన్నెండు బల్లలు.
కిటికీ అవతల టాలిన్ రేవులో మంచు
గడ్డకట్టిందో కరిగిందో చూళ్లేదు.
అక్కడ నా పేరు గుడ్లగూబ47.
ఎవడు ఎన్నిసార్లు తోక ముడుస్తాడో
శాతాల్లో తెలుసు.

ఇక్కడ ఒకటే బల్ల.
ముక్కలు పంచే లీవి గోళ్లరంగు సగం రాలిపోయింది.
ఒక్కో ఆటకి రెండేసి నిమిషాలు.
ముక్క మూల ఎత్తి చూడటం
ఎడంచేత్తో అన్నం కలుపుకున్నట్టుంది.

ఎదురుగా హిల్కా,
హెల్సింకి నుంచి పొద్దుటి ఓడలో వచ్చిన ముసలావిడ.
కళ్లజోడుకి దారం, బుగ్గలో మిఠాయి.
ఆవిడ శాతం ఎంతో ఎక్కడా రాసి లేదు.

నాకు రెండు రాజులు.
ఆవిడ ఇరవై ఐదు పెట్టింది.
నేను వంద చిప్ ఒకటి తోశాను.
"కాల్" అంది లీవి.
కాదు, పెంచాను.
"ఒక్క చిప్పే వేస్తే, నోటితో చెప్పాలి"
డెబ్భై ఐదు నా వైపుకి జరిపింది.

నోటితో.
అక్క కబురు పెడితే కూడా
బొటనవేలి బొమ్మ పంపేవాణ్ణి.

చివరి ముక్క కళావరు ఆసు.
హిల్కా చేతిలో ఇంకో ఆసు.
"పెంచుంటే పారేసేదాన్ని బాబూ" అంది,
వచ్చీరాని మా భాషలో,
చిప్పులు దగ్గరికి లాక్కుంటూ.
తర్వాత బల్ల మీదుగా
ఒక నల్ల మిఠాయి జరిపింది.

నోట్లో వేసుకున్నాను.
ఉప్పు, వట్టి ఉప్పు.

నా మొహం ఎలా చిట్లుతుందో
ఇప్పుడు తొమ్మిది మందికి తెలుసు.