వందలో పద్దెనిమిది

వేలచ్చేరిలో నీళ్లు దిగి పదకొండు రోజులు.
మా ఆఫీసు గోడ మీద ఇంకా
నడుమెత్తున బురద గీత.
దాని పక్కనే నా టేబులు, లెక్కల పుస్తకం.

ఒంగోలు నించి వరదరాజులు మాస్టారు ఫోను:
"అమ్మా, నేను పంపిన ప్రతి వందలో
వాళ్లకి చేరేది ఎంత?"

ఎనభై రెండు, అన్నాను.
మిగతా పద్దెనిమిదీ?
నిర్వహణ ఖర్చులండీ.

కాసేపు ఊరుకుని
"దేవుడు వరమిచ్చినా..." అని ఆపేశారు.
మిగతా సామెత నాకు తెలుసు.
పూజారిని నేనే.

చెప్పాలనుకున్నాను:
పడవకి డీజిలు.
బ్రెడ్డు తడవకుండా కప్పిన టార్పాలిన్ అద్దె.
మూడు రాత్రులు కన్ను మూయని సెల్వమణికి బత్తా,
రసీదు మీద అలుక్కుపోయిన అతని వేలిముద్ర.
నా జీతం. అందులోంచే మా వాడి స్కూలు ఫీజు.

చెప్పలేదు.
ఎందుకంటే అదే వరసలో, డీజిలు కింద,
నుంగంబాక్కం హోటల్లో సమీక్షా సమావేశం ఉంది,
ముప్ఫై ఎనిమిది మందికి భోజనాలు, జీడిపప్పు పకోడీ.
అధ్యక్షుడి మొహంతో ఆరు ఫ్లెక్సీలు.

వాటిలో ఒకటి ముడిచ్చూరులో
పొన్నుత్తాయి ఇంటికి పైకప్పయింది.
చుక్క కారడం లేదంది మొన్న,
అధ్యక్షుడి చెంప కేసి చూపించి.
దాన్ని ఏ పద్దులో రాయను?

"మాస్టారూ, లైన్లో ఉన్నారా?"

ఉన్నారు. దగ్గు వినిపించింది.
"ఇంకో వెయ్యి పంపుతాను.
పడవ పద్దులో రాసుకో."

మా పుస్తకంలో పడవ పద్దు లేదు.
కొత్త గడి గీద్దామని
స్కేలు కోసం సొరుగు లాగాను.
నీళ్లకి ఉబ్బిన చెక్క,
రావడం లేదు.