పురిటి నిప్పు

గెడ్డ దాటుతుంటే నడుం మీదికొచ్చాయి నీళ్లు.
టీకాల పెట్టె నెత్తిన పెట్టుకున్నాను,
బొడ్లో దోపిన అగ్గిపెట్టె సంగతి మర్చిపోయాను.

మహేంద్రగిరి మీద చీకటి.
పెట్టెలో మంచుగడ్డలు భద్రం,
బయట మా ఇద్దరికీ పళ్లు టకటక.

సుంబురు తాత ఏమీ అనలేదు.
ఎండు వెదురు నిలువునా చీల్చి
ఒక బద్ద మోకాలి కింద అణిచి, వీపున గాటు పెట్టి
రెండోదాన్ని అడ్డంగా రాయడం మొదలెట్టాడు.
తుప్పు పట్టిన తలుపు మూలిగినట్టు చప్పుడు.

"నేనూ పడతాను తాతా."
వెదురు కాస్త వేడెక్కింది,
నా అరచెయ్యి బొబ్బెక్కింది.
"కోపంతో రాయకమ్మా, దానికి తెలిసిపోద్ది."

మళ్లీ తాతే.
పొగ, ఉండీ లేనట్టు.
గాటు కింద నల్లటి పొడి,
అందులో ఆవగింజంత ఎరుపు.
జీలుగు నూగులో దాన్ని పొదిగి దోసిట్లోకి ఎత్తాడు,
అంతలో దగ్గు తెర.
గబుక్కున నా చేతుల్లో పెట్టేసి
మొహం అటు తిప్పుకున్నాడు.

ఆ బరువు నాకు తెలుసు.
పోయిన శ్రావణంలో, మందస ఆసుపత్రిలో,
ఏడవకుండా పుట్టిన గుంట ఇలాగే ఉంది,
వెచ్చగా, ఉలుకూ పలుకూ లేకుండా.
గట్టిగా ఊదితే పోతుంది.
ఊదకపోయినా పోతుంది.

బుగ్గల్లో పట్టినంత గాలి, అంతే.
ఒకసారి.
ఆగి, ఇంకోసారి.

జీలుగు నూగు కెవ్వుమంది.

తాత వెనక్కి చూడలేదు, పుల్లలు ఏరుకుంటూనే
"ఆడగుంటా, మగగుంటా?" అన్నాడు.

నేను టీకాల పెట్టెని
మంటకి దూరంగా జరిపాను.